స్టవ్ కొనేముందు గోడలో వైరు చూసుకోండి

(కొత్త ఫ్లాట్లలోకి దిగబోతున్నవాళ్ల కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు నుంచి ఎక్కించాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. మీలో ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. దించకండి, ఇంకో ప్రశ్న. మీ స్టవ్ ఎన్ని వాట్లో తెలిసినవాళ్లు మాత్రమే చెయ్యి అలా ఉంచండి. కొన్ని దిగిపోయాయి. ఇప్పుడు మూడోది. ఆ ప్లగ్గు పెట్టే సాకెట్టు వెనకాల గోడలో ఉన్న వైరు మందం ఎంతో తెలిసినవాళ్లు? ఒక్కరే మిగిలారు. ఆయన ఎలక్ట్రీషియన్, ఆయన్ని లెక్కలోకి తీసుకోను.

ఇవాళ మాట్లాడుకునేదంతా ఆ మూడో ప్రశ్న గురించే. మనం ఏం చేస్తాం? స్టవ్ కొంటాం, ఓవెన్ కొంటాం, ఇంటికి తెస్తాం, తెచ్చాక ప్లగ్గు ఎక్కడ పడుతుందా అని వెతుకుతాం. పట్టకపోతే పట్టేలా చేసే ముక్క ఒకటి షాపులో యాభై రూపాయలకి దొరుకుతుంది. వంటింట్లో సాకెట్లు మాడిపోయే కథల్లో చాలావరకు అక్కడే మొదలవుతాయి. వరస తిప్పాలి. ముందు లైను, తరవాత సాకెట్టు, ఆ తరవాతే వస్తువు.

లెక్కతో మొదలుపెడదాం, భయపడకండి, ఒక్క భాగహారమే. మన ఇళ్లకి వచ్చేది 230 వోల్టులు. వస్తువు మీద రాసిన వాట్లని 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో వస్తుంది. 700 వాట్ల రైస్ కుక్కరు మూడు ఆంపియర్లు. 1500 వాట్ల ఎయిర్ ఫ్రైయరు ఆరున్నర. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 8.7. అంతే లెక్క.

మైక్రోవేవ్ దగ్గర మాత్రం జాగ్రత్త. అట్టపెట్టె మీద 800 వాట్లు, 900 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది లోపల పదార్థానికి అందే వేడి. గోడలోంచి లాగేది అంతకంటే ఎక్కువ, 1200, 1300 దాకా ఉంటుంది. కన్వెక్షన్ ఉన్నదైతే ఆ మోడ్‌లో 2000 దాటేవీ ఉన్నాయి. కాబట్టి పెట్టె ముందువైపు చూడకండి. వస్తువు వెనకాల స్టిక్కరు ఉంటుంది, దాని మీద ఇన్‌పుట్ అని రాసి ఉన్న అంకె చూడండి. అదే మనకి కావలసింది.

ఇప్పుడు సాకెట్లు. మన ఇళ్లలో రెండే రకాలు. చిన్నది, పెద్దది. పాత అలవాటు కొద్దీ 5 ఆంప్స్, 15 ఆంప్స్ అంటాం గానీ, ఇప్పుడు వాటి మీద ఉండేది 6, 16. చిన్న దాని ఆరుతో 230ని గుణించండి. 1380 వాట్లు. అంటే 1400 వాట్లకి అటూ ఇటూగా ఉన్న వస్తువు వరకే చిన్న సాకెట్టు. కొన్ని ఇండక్షన్ స్టవ్‌లు సరిగ్గా 1200, 1400 దగ్గర ఎందుకు ఆగుతాయో ఇప్పుడు అర్థమైంది కదా? చిన్న ప్లగ్గుతో అమ్మాలంటే అంతకంటే పైకి వెళ్లడానికి లేదు.

పెద్ద ప్లగ్గు కాళ్లు లావుగా ఎందుకుంటాయి? చిన్న ప్లగ్గు కాలు 5 మిల్లీమీటర్లు, పెద్ద దానిది 7. లావుగా ఉంటే లోపలి ఇత్తడి రేకు ఎక్కువ మేర పట్టుకుంటుంది, ఎక్కువ కరెంటు వేడెక్కకుండా పోతుంది. 2000 వాట్ల స్టవ్‌కి పెద్ద ప్లగ్గు పెట్టి పంపాడంటే, తయారుచేసినవాడు మనకి చిన్న బోర్డులో పెట్టొద్దని చెబుతున్నట్టే. మనమేమో కన్వర్షన్ ప్లగ్గు కొని, ఆ లావు కాళ్లని చిన్న కాళ్లుగా మార్చి, చిన్న సాకెట్లో దూర్చేస్తాం. 6 ఆంపియర్ల కోసం చేసిన రేకుల్లోంచి 8.7 పోతుంది. ఒక్కపూట టీ పెట్టుకుంటే ఏమీ కాదు. రోజూ గంటసేపు పప్పు, సాంబారు, చపాతీలు అయితే? ఆ రేకులు వేడికి వదులవుతాయి. వదులైతే ఇంకా వేడెక్కుతాయి. ఇంకా వదులవుతాయి.

ఇంకో సంగతి. చాలా ఇళ్లలో వంటింటి చిన్న సాకెట్టు ఇన్వర్టరు లైను మీద ఉంటుంది, మిక్సీ కోసమో ఫ్రిజ్ పక్క లైటు కోసమో ఇచ్చి ఉంటారు. కరెంటు పోయినప్పుడు 2000 వాట్ల స్టవ్ దాని మీద పడితే ఇన్వర్టరు ఓవర్‌లోడ్ అని అరిచి ఆగిపోతుంది. ఇన్వర్టరు పాడైందని మెకానిక్‌ని పిలుస్తారు. పాపం అది బాగానే ఉంటుంది.

సరే, వైరులోకి వద్దాం. రెండు వైర్లున్నాయి, కలిపేసుకోకండి. వస్తువుకి వేలాడే వైరు ఒకటి, గోడలో వైరు ఇంకొకటి.

వేలాడే వైరుకి కొలత ఉంది. 6 ఆంపియర్ల వరకు లాగే వస్తువుకి 0.75 చదరపు మిల్లీమీటర్లు, 10 వరకు అయితే 1, 16 వరకు అయితే 1.5. ఇది కనీసం. కొత్త వస్తువుతో వచ్చిన వైరు గురించి బెంగ అక్కర్లేదు, ఐఎస్ఐ మార్కు ఉన్నదైతే సరిగ్గానే ఉంటుంది. గొడవ ఎప్పుడొస్తుంది? మూడేళ్లకి ప్లగ్గు దగ్గర వైరు తెగితే రిపేరు షాపుకి తీసుకెళ్తాం. వాళ్ల దగ్గర ఆ రోజు ఏది ఉంటే అది వేసి ఇస్తారు. బయటికి లావుగానే కనిపిస్తుంది, పైతొడుగు మందం, లోపల రాగి సన్నం. కాబట్టి లావు చూసి మోసపోవద్దు. తొడుగు మీద అచ్చువేసి ఉంటుంది, 3, గుణకారం గుర్తు, 1.5 అని. అంటే మూడు తీగలు, ఒక్కోటి 1.5. స్టవ్‌కి ఆ అచ్చు ఉన్న వైరే అడిగి వేయించుకోండి. అసలు అచ్చే లేని వైరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. రెండు తీగల వైరు వేసి ఎర్తు వదిలేసేవాళ్లూ ఉంటారు, అది ఇంకా ఘోరం. దాని సంగతి తరవాత చెబుతాను.

ఏంటి తమ్ముడూ? గట్టిగా అడుగు. ఆ, మంచి ప్రశ్న. స్టవ్‌తో 1 గానీ 1.5 గానీ ఇచ్చారు కదా, మరి పెద్ద సాకెట్టుకి గోడలో 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వెయ్యాలంటారు, ఎందుకు, కంపెనీవాడికి తెలీదా అంటున్నాడు. తెలుసు. వాడి వైరు పొడవు మీటరున్నర. గాలిలో వేలాడుతుంది, చుట్టూ చల్లారడానికి చోటుంది, పాడైతే కంటికి కనిపిస్తుంది. గోడలోది ఇరవై మీటర్లు. ప్లాస్టిక్ పైపులో ఉంటుంది, పైన సిమెంటు, పక్కనే గీజరు వైర్లు, ఏసీ వైర్లు. పుట్టిన వేడి ఎక్కడికి పోతుంది? పైగా పాడైతే కనిపించదు, మార్చాలంటే టైల్స్ పగలాలి. అందుకే గోడలో ఒక మెట్టు ఎక్కువ వేస్తాం.

ఎంత తేడా వస్తుందో చూద్దాం. డీబీ, అంటే ఇంట్లో లైన్లన్నీ విడిపోయే మెయిన్ స్విచ్చుల పెట్టె, అక్కడినుంచి వంటింటికి పైపు దారి ఇరవై మీటర్లనుకోండి. 15 ఆంపియర్ల లోడు. పోయే ఫేజు, వచ్చే న్యూట్రల్ రెండూ కలిపి నలభై మీటర్ల రాగి. అది 1 చదరపు మిల్లీమీటరు వైరైతే గోడలోనే దాదాపు 175 వాట్లు వేడిగా పోతాయి. 2.5 అయితే 72. 4 అయితే 45. ఆ 175 వాట్లకి బిల్లూ మీరే కడతారు, గోడనీ మీరే వేడిచేసుకుంటారు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ వేడికి తొడుగు ఎండిపోతుంది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే. దాటితే ఒక్కరోజులో కరిగిపోదు, ఏళ్ల తరబడి పెళుసెక్కుతూ వస్తుంది. అప్పుడెప్పుడో బోర్డు మార్చడానికి వైరు కాస్త వంచితే తొడుగు పెచ్చులుగా ఊడొస్తుంది.

పైపులో వేసిన 2.5 వైరుకి కంపెనీల పట్టికల్లో 18 నుంచి 20 ఆంపియర్ల దాకా ఇస్తారు. 4కి 24 నుంచి 27, 6కి 31 నుంచి 35. ఒక్కో కంపెనీ పట్టిక ఒక్కోలా ఉంటుంది, మీరు కొనే వైరు పట్టికే చూసుకోండి. కానీ ఆ పట్టిక కింద చిన్న అక్షరాలు చదివారా? చుట్టూ వేడి 40 డిగ్రీలని లెక్కగట్టి ఇచ్చిన అంకెలు అవి. మన రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం వంటింట్లో 40 ఉంటుందా? పడమటి గోడలోని పైపులో 50 అనుకుంటే ఆ అంకెలో అయిదో వంతు కొట్టేయాలి. 20 కాస్తా 16 అవుతుంది. ఒకే పైపులో రెండు మూడు లైన్లు కలిసి పోతుంటే ఇంకా తగ్గుతుంది.

అందుకని నేను చెప్పేది ఇది. వంటింట్లో ఒక్కో 16 ఆంపియర్ల సాకెట్టుకి డీబీ నుంచి విడిగా 2.5 లైను. ఒకటి స్టవ్‌కి, ఒకటి ఓవెన్‌కి. చాలాచోట్ల ఏం చేస్తున్నారు? ఒకే 2.5 లైను తెచ్చి, సాకెట్టు నుంచి సాకెట్టుకి లూపు వేసి, మూడు పవర్ సాకెట్లు ఇస్తున్నారు. చూడ్డానికి మూడున్నాయి. ఇండక్షన్ 2000, ఓటీజీ అనే చిన్న ఓవెన్ 1600, రెండూ కలిపి వాడితేనే 15.7 ఆంపియర్లు. మూడో దాంట్లో కెటిల్ పెట్టారా, అయిపోయింది. లూపు తప్పదంటే ఆ లైను 4 వెయ్యమనండి. కొత్త ఇల్లయితే 2.5కి 4కి మధ్య వచ్చే ఖర్చు తేడా మీరు వంటింటి టైల్స్‌కి పెట్టే దాంట్లో ఏ మూలకీ రాదు. టైల్సు అతికించాక మాత్రం ఆ మార్పుకి ఎంతవుతుందో మేస్త్రినే అడగండి.

ఇక ఎంసీబీ, అంటే డీబీలో ఉండే, కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చు. ఎంసీబీ ఎవరిని కాపాడుతుంది? స్టవ్‌ని అంటారా? కాదండీ. గోడలో వైరుని. స్టవ్ కాలిపోతే కాలిపోయింది, ఇంకోటి కొనుక్కుంటాం. గోడలో వైరు మండితే ఇల్లు. అందుకే ఎంసీబీ అంకెని వైరుని బట్టి పెట్టాలి గానీ వస్తువుని బట్టి కాదు. 2.5 వైరుకి 16 ఆంపియర్ల ఎంసీబీ.

మామూలుగా జరిగేది వినండి. పండగ రోజు. స్టవ్, ఓవెన్, కెటిల్ అన్నీ ఒకేసారి. ఎంసీబీ పడిపోతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ పడుతుంది. ఎలక్ట్రీషియన్ వస్తాడు. అయిదు నిమిషాల్లో 16 తీసి 32 పెట్టి వెళ్తాడు. ఇక పడదు. ఇంట్లోవాళ్లు సంతోషం. ఏం జరిగిందిప్పుడు? ఎంసీబీ దాని మీద రాసిన అంకె దాటిన మరుక్షణం పడదు. ఆ అంకెకి 1.13 రెట్లు కరెంటు పోతుంటే గంటసేపు పడకుండా ఉండాలి, 1.45 రెట్లకి గంటలోపు పడాలి, ప్రమాణమే అలా ఉంది. అంటే 32 ఎంసీబీ 36 ఆంపియర్లకి గంటసేపు కిక్కురుమనదు. 20 మోసే వైరులోంచి 36, గంటసేపు! పడిపోతున్న ఎంసీబీని తిట్టకండి, లోడు ఎక్కువైందనో లైను చాలదనో అది మీకు చెబుతోంది. దాని నోరు నొక్కేసి వెళ్లిన ఎలక్ట్రీషియన్‌కి డబ్బులిచ్చి పంపుతాం మనం.

ఎంసీబీకి కూడా చేతకాని పని ఒకటుంది. ఈ ముక్క చూడండి. ముందువరస వాళ్లు తీసుకుని వెనక్కి పంపండి. 16 ఆంపియర్ల సాకెట్టు ఇది, వెనకవైపు తిప్పి చూడండి. ఒక టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, ఉబ్బి, స్క్రూ చుట్టూ నల్లబడింది. అక్కడినుంచి వచ్చే వైరు రెండంగుళాల మేర తొడుగు మాడింది, ఆ పైన బాగానే ఉంది, గిల్లితే మెత్తగానే ఉంది. పక్కన న్యూట్రల్ టెర్మినల్ చూడండి, కొత్తదానిలా ఉంది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? వైరు సన్నమైతే వైరు పొడవునా తొడుగు గట్టిపడాలి, ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేలా పాడవ్వాలి, ఎందుకంటే రెండింట్లోనూ పోయేది అదే కరెంటు. ఇక్కడ ఒక్కచోటే మాడింది. అంటే వైరు సరైనదే, స్క్రూ వదులు.

వదులు స్క్రూ దగ్గర పదోవంతు ఓమ్ నిరోధం చేరిందనుకోండి, చాలా చిన్నది. 15 ఆంపియర్లు పోతే అక్కడ 22 వాట్ల వేడి పుడుతుంది. 22 వాట్లంటే ఎంత? రేడియో మెకానిక్ చేతిలో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాన్ని మీ సాకెట్టు వెనకాల పెట్టి మూత బిగించినట్టు. మరి ఎంసీబీ ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. దాని కంటికి 15 ఆంపియర్లే కనిపిస్తోంది, అంతా సవ్యమే. అందుకే వైరు ఎంపిక సగం పనే. బిగింపు మిగతా సగం.

బిగించడంలో మూడు తప్పులు పదేపదే జరుగుతాయి. సన్నపు పోగుల వైరుని తొడుగు ఒలిచేటప్పుడు కటింగ్ ప్లయరుతో లాగి నాలుగైదు పోగులు తెంపేస్తారు. ఆ చివర ఇక అది 2.5 వైరు కాదు. రెండోది, ఒకే స్క్రూ కింద లూపు కోసం రెండు వైర్లు దూర్చి, ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా పడనివ్వడం. మూడోది, బాగా చేద్దామనే ఉద్దేశంతోనే చేసేది, పోగులు విడిపోకుండా చివర సీసం పూసి స్క్రూ బిగించడం. సీసం మెత్తన, ఒత్తిడికి మెల్లగా జారిపోతుంది. ఆరునెలల్లో స్క్రూ వదులు. దానికి బదులు పోగులకి తొడిగే చిన్న రాగి గొట్టం, ఫెర్రూల్, లేదా లగ్గు వేసి నొక్కించండి. రూపాయల్లో పని.

పాత ఇళ్లవాళ్లు ఒక విషయం చూసుకోండి. గోడలో అల్యూమినియం వైరు ఉంటే, దానికి రాగి వైరు మెలితిప్పి టేపు చుట్టి కొత్త పవర్ సాకెట్టు ఇవ్వనివ్వకండి. అల్యూమినియం మీద తుప్పు పొర కరెంటుని అడ్డుకుంటుంది, ఆ ముడి దగ్గరే వేడెక్కుతుంది. వంటింటి పవర్ లైను వరకైనా డీబీ నుంచి కొత్తగా రాగి లాగించండి.

షాపులో కొనేటప్పుడు

మన పాత మేస్త్రీలు ఇంకా త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అంటారు. 3/20 అంటే 20 గేజి పోగులు మూడు. లెక్కేస్తే 2 చదరపు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. 7/22 అయితే 2.8 దాకా, 7/20 అయితే నాలుగున్నర. కాబట్టి ఎవరైనా పవర్ సాకెట్టుకి త్రీ ట్వంటీ వేశాం, టూ పాయింట్ ఫైవ్‌కి సమానమే అంటే ఒప్పుకోకండి, అయిదో వంతు తక్కువ. ఇప్పుడు గేజిలు వదిలేసి చదరపు మిల్లీమీటర్లలోనే అడగండి. 2.5 వైరు చాలా కంపెనీల్లో 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి, 4కి 56. చివర ఒలిచి లెక్కపెట్టండి, షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి. ఇంకో సులువు ఉంది, తూకం. 90 మీటర్ల కాయిలు, 2.5 వైరు, అందులో రాగే దాదాపు రెండు కిలోలుండాలి. తొడుగు బరువు దానికి అదనం. మొత్తం కాయిలు రెండు కిలోలే తూగితే రాగి ఎక్కడికి పోయిందో వాడినే అడగండి.

వైరు మీద ఐఎస్ 694 అని, ఐఎస్ఐ మార్కు, సీఎం బై ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది ఎవరి పేరు మీద ఉందో తెలిసిపోతుంది.

ఎఫ్ఆర్ అని అచ్చు చూసి, అంటే వేడి తట్టుకుంటుంది కదా అని ఓవెన్ వెనకాల వాడేస్తారు. కాదు. ఎఫ్ఆర్ అంటే మంట అంటుకుంటే ముందుకు పాకనివ్వదు. అంతే. వేడికి దాని హద్దు మామూలు పీవీసీ లాగే 70 డిగ్రీలు. వేడికి కావలసింది హెచ్ఆర్ అని ఉన్నది, 85 దాకా పనిచేస్తుంది. ఓటీజీ వెనక రేకు, గోడలో బిగించే ఓవెన్ వెనక గూడు, వీటి దగ్గర వైరు వేడి రేకుకి తగిలే అవకాశం ఉంటే పీవీసీ వద్దే వద్దు. రబ్బరు తొడుగున్నది, మరీ వేడి చోటైతే సిలికాన్ రబ్బరుది వేయించండి, అది 180 డిగ్రీల దాకా ఆగుతుంది. పాత ఇస్త్రీపెట్టె వైర్లకి పైన నూలు అల్లిక ఉండేది గుర్తుందా? ఫ్యాషన్ కోసం కాదు అది, లోపల రబ్బరు, వేడి పెట్టెకి తగిలినా అంటుకుపోకుండా.

ఏమ్మా? ఎక్స్‌టెన్షన్ బోర్డు. అడుగుతారనుకున్నాను. స్టవ్‌కి, ఓవెన్‌కి వద్దమ్మా. మామూలుగా దొరికేవి 6 ఆంపియర్లవి, లోపల వైరు 0.75గానీ 1గానీ. రెండు రోజులకి తప్పనిసరి అయితే 16 ఆంపియర్లది, 1.5 వైరున్నది, వీలైనంత పొట్టిది చూసుకోండి. వైరు చుట్టచుట్టి పెట్టొద్దు, మొత్తం విప్పి పరచండి. చుట్ట మధ్యలో వేడి బయటికి పోక అక్కడే కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి.

పెద్ద హాబ్‌లు

కొత్త మాడ్యులర్ కిచెన్లలో ప్లాట్‌ఫామ్‌లోకి దించే నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్‌లు పెట్టిస్తున్నారు. వాటి మీద 7200 వాట్లని ఉంటుంది. 230తో భాగించండి. 31 ఆంపియర్లు. దీనికి ప్లగ్గు ఉండదు, ఉండకూడదు. ఎవరైనా దీనికి 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టి ఇస్తానంటే ఆ మనిషిని వంటింట్లోంచి పంపించేయండి. డీబీ నుంచి విడిగా లైను, 32 ఆంపియర్ల డీపీ స్విచ్, అంటే ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెగేది, అక్కడినుంచి నేరుగా హాబ్ కింద టెర్మినల్‌కి. సింగిల్ ఫేజైతే వైరు 6కి తగ్గొద్దు. పట్టికలో 6 వైరుకి ఎంత చెప్పాను? 31 నుంచి 35. అంచు మీద ఉంది. డీబీ దూరమైనా, పైపులో వేరే లైన్లున్నా 10 వేయించండి.

ముందు మీ కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ ఇంటికి మంజూరైన వాడకం హద్దు, ఎంతుందో చూడండి. మూడు కిలోవాట్లో అయిదో ఉండి, ఏడు కిలోవాట్ల హాబ్ కొంటే వైరు ఎంత లావుగా వేసి ఏం లాభం? లోడు పెంచుకోవాలి, అవసరమైతే త్రీ ఫేజుకి వెళ్లాలి. కొన్ని మోడళ్లలో మొత్తం వాడకం ఇంతకి మించకూడదని సెట్టింగు పెట్టుకోవచ్చు, కొనేటప్పుడు అది ఉందో లేదో అడగండి.

త్రీ ఫేజు ఇంట్లో హాబ్‌ని రెండు ఫేజుల మీద పంచుతారు. ఒక్కో దాంట్లో 16 ఆంపియర్ల లోపే, వైరు సన్నమైనా సరిపోతుంది. బాగానే ఉంది కదా? ప్రాణం అంతా న్యూట్రల్‌లో ఉంది ఇక్కడ. రెండు ఫేజులకీ కలిపి ఒకే న్యూట్రల్ ఇచ్చి, అది వదులై ఊడితే రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు హాబ్ లోపల పడతాయి. బోర్డు ఠప్పుమంటుంది, వారంటీ కూడా ఇవ్వరు. హాబ్ కింద టెర్మినల్స్ మధ్య ఇత్తడి పట్టీలు ఉంటాయి. సింగిల్ ఫేజుకి ఏవి కలపాలో, రెండు ఫేజులకి ఏవి తీసేయాలో అక్కడే బొమ్మ అతికించి ఉంటుంది. ఆ బొమ్మ ఫోన్లో ఫొటో తీసి మేస్త్రికి చూపించి మరీ చేయించండి. ఫేజుల మధ్య ఉన్న పట్టీ తియ్యకుండా రెండు ఫేజులు ఇస్తే నేరుగా షార్టే.

రంగులు ఇంకో తిరకాసు. మన గోడల్లో ఫేజులు ఎరుపు, పసుపు, నీలం. న్యూట్రల్ నలుపు. ఎర్తు ఆకుపచ్చ. వస్తువుతో వచ్చే వైరులో ఫేజు గోధుమరంగు, న్యూట్రల్ నీలం, ఎర్తు ఆకుపచ్చ పసుపు చారలు. చూశారా? గోడలో నీలం ఫేజు, వస్తువు వైరులో నీలం న్యూట్రల్. రంగుకి రంగు కలిపేస్తే అంతే సంగతులు. టెస్టరు పెట్టి చూశాకే కలపాలి.

ఎర్తు గురించి తరవాత చెబుతానన్నాను. స్టవ్ మీద స్టీలు గిన్నె ముట్టుకుంటే, ఓవెన్ తలుపు పట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందని కొందరు అంటారు. వస్తువు లోపల ఫిల్టరు నుంచి చాలా కొద్ది కరెంటు ఎర్తులోకి పోవడం మామూలే. ఎర్తు ఉంటే నేలకి పోతుంది, లేకపోతే మీ చెయ్యి కోసం ఎదురు చూస్తుంది. జివ్వుమంటే స్టవ్ మార్చకండి, ముందు మూడో పిన్నుకి ఎర్తు నిజంగా అందుతోందో చూడండి. 2.5 ఫేజుకి ఎర్తు కూడా 2.5 వెయ్యాలి. 1 వైరు వేసి ఎర్తే కదా అంటారు. షార్ట్ అయినప్పుడు ఆ కరెంటు మొత్తం మోయవలసింది అదే. దానికి తోడు డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు, ఉందో లేదో చూడండి. ఎంసీబీ వైరుని కాపాడుతుందన్నాను కదా, మనిషిని కాపాడేది ఇది. దాని మీద టెస్ట్ అని బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, పడాలి.

సాకెట్టు చోటు గురించి ఒక్క ముక్క. సిలిండరు పెట్టే గూట్లో, దాని పక్కన నేలకి దగ్గరగా స్విచ్చు గానీ సాకెట్టు గానీ వద్దు. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందే చేరుతుంది, స్విచ్చు వేస్తే వచ్చే నిప్పురవ్వ చాలు దానికి. ప్లాట్‌ఫామ్ మీద, పొయ్యికి పక్కగా, వైరు మంట మీదుగా సాగకుండా అందేలా పెట్టించండి.

అన్నీ బిగించాక పరీక్ష ఎలా? స్టవ్ ఫుల్‌లో పెట్టి నీళ్లు మరగనివ్వండి. మల్టీమీటరుతో డీబీ దగ్గర ఒకసారి, అదే లైను మీద పక్కన ఇంకో సాకెట్టు ఉంటే అందులో ఒకసారి వోల్టేజీ చూడమనండి. 2000 వాట్ల స్టవ్, 2.5 వైరు, ఇరవై మీటర్లు అయితే తేడా మూడు వోల్టులకి అటూ ఇటూ రావాలి. ఎనిమిదో పదో వచ్చిందా, ఎక్కడో బిగింపు వదులు, లేదా గోడలో మీరు డబ్బిచ్చిన వైరు కాదు. మీటరు లేకపోతే పావుగంట వాడాక స్విచ్చు కట్టేసి, ప్లగ్గు తీసి, దాని ప్లాస్టిక్ ఒళ్లు పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి నిలవకపోయినా, కాళ్ల మీద నల్లటి, నీలిరంగు మచ్చ కనిపించినా ఆ సాకెట్టు మళ్లీ వాడకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మెయిన్ కట్టేశాకే విప్పనివ్వండి.

ఇక్కడ బల్ల మీద 1 నుంచి 10 దాకా అన్ని వైర్ల ముక్కలూ చివర్లు ఒలిచి పెట్టాను. 0.75 ముక్క ఒకటి లావు తొడుగుతో ఉంది, పక్కనే అసలు 1.5 ఉంది. ముందు తొడుగు చూసి ఏది లావో చెప్పండి, తరవాత చివర తిప్పి రాగి చూడండి. ఇంటి ప్లాను తెచ్చుకున్నవాళ్లు ఇటు రండి, డీబీ నుంచి వంటింటికి పైపు దారి ఎంతుందో కొలిచి చూద్దాం.